స్లిమ్, ముతగుచి, ఇంఫాల్, కోహిమా: సైన్యాన్ని నడిపించడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధం అనగానే మనకు గుర్తొచ్చేవి నార్మండీ, స్టాలిన్‌గ్రాడ్, హిరోషిమా. 1944లో మణిపూర్, నాగా కొండల్లో జరిగిన పోరాటం మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా దాటదు. బ్రిటన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియం 2013లో ఓటింగ్ పెడితే, వాళ్ల చరిత్రలోనే గొప్ప యుద్ధంగా జనం ఎన్నుకున్నది వాటర్లూను కాదు, ఇంఫాల్, కోహిమాలను. అక్కడ పోరాడినవాళ్లలో ఎక్కువమంది భారతీయులు. ఈ యుద్ధం గురించి, అందులో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు జనరల్స్, బ్రిటిష్ వైపు స్లిమ్, బర్మా నుంచి దండెత్తి వచ్చిన జపాన్ వైపు ముతగుచి గురించి నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఈ స్లిమ్ ఎవరు? పేరే వినలేదు.

విలియం స్లిమ్ 1891లో బ్రిస్టల్‌లో పుట్టాడు, బర్మింగ్‌హామ్‌లో పెరిగాడు. తండ్రిది ఇనుప సామాన్ల వ్యాపారం. డబ్బున్న కుటుంబం కాదు. స్లిమ్ మొదట పేద పిల్లలుండే బడిలో టీచరు, తర్వాత ఇనుప గొట్టాల కంపెనీలో గుమస్తా. 1914లో యుద్ధం వచ్చింది కాబట్టి ఆఫీసరు కాగలిగాడు, లేకపోతే ఆ రోజుల్లో అలాంటి ఇంటి కుర్రాడికి ఆ తలుపు తెరుచుకునేది కాదు. 1915లో గల్లిపోలీలో తీవ్రంగా గాయపడ్డాడు. మెసొపొటేమియాలో మళ్లీ గాయపడ్డాడు. ఆ తర్వాత బ్రిటిష్ ఇండియన్ ఆర్మీకి మారి గూర్ఖా రెజిమెంట్‌లో చేరాడు. జీతం చాలక మారుపేరుతో పత్రికలకు కథలు రాసేవాడు.

నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ఆ గుమస్తా ఉద్యోగమే. జీతం రాళ్ల మీద బతికే మనుషుల మధ్య కొన్నేళ్లు గడిపినవాడు కాబట్టి, సిపాయి కడుపు గురించి ఒకరు గుర్తు చేయాల్సిన అవసరం అతనికి రాలేదు.

ఫోర్టీన్త్ ఆర్మీ అంటే బ్రిటిష్ వాళ్ల సైన్యమే కదా?

జెండా వాళ్లది, మనుషులు ఎక్కువగా మనవాళ్లు. 1943 చివర్లో స్లిమ్ కమాండర్‌గా ఈ సైన్యం ఏర్పడింది. పంజాబీలు, గూర్ఖాలు, మరాఠాలు, జాట్లు, మద్రాసీలు, గఢ్వాలీలు, వాళ్లతో పాటు బ్రిటిష్ వాళ్లు, తూర్పు, పశ్చిమ ఆఫ్రికా సైనికులు అందులో ఉన్నారు. 1945 నాటికి సరఫరా దారుల మీద పనిచేసేవాళ్లతో కలిపి దాదాపు 10 లక్షల మంది. ఎవరి తిండి వాళ్లది, ఎవరి భాష వాళ్లది. స్లిమ్ ఉర్దూలోనూ, నేపాలీలోనూ మాట్లాడేవాడు. జీపు బానెట్ మీద ఎక్కి మాట్లాడటం అతని అలవాటు. సిపాయిలు ‘అంకుల్ బిల్’ అని పిలుచుకున్నారు.

1942లో బర్మాలో ఓడిపోయింది కూడా ఇతనేగా?

అవును, ఇతనే. 1942 మార్చి మధ్యలో స్లిమ్ బర్మా కోర్ (అక్కడి డివిజన్లు కలిసిన పెద్ద దళం) బాధ్యత తీసుకునే సరికి రంగూన్ అప్పటికే పోయింది. అంతకుముందు ఫిబ్రవరి 23న సిత్తాంగ్ నది వంతెనను, జపాన్ చేతికి చిక్కకూడదని, సొంత సైన్యంలో ఎక్కువ భాగం అవతలి ఒడ్డునే ఉండగా పేల్చేయాల్సి వచ్చింది. రేవు పోయింది, కొత్త సైన్యం రాదు, విమానాలు లేవు. ఏప్రిల్‌లో యెనన్‌జౌంగ్ చమురు బావులను తామే తగలబెట్టి వెనక్కి నడిచారు. చింద్విన్ నది ఒడ్డున ట్యాంకుల్ని వదిలేశారు. దాదాపు 1,500 కిలోమీటర్లు వెనక్కి నడిచి, వానాకాలం మొదలవుతుండగా మే నెలలో ఇంఫాల్ చేరారు. స్లిమ్ దారి పక్కన నిలబడి చివరి దళాలు రావడం చూశాడు. బట్టలు చిరిగిపోయి, ఎముకలు బయటపడి ఉన్నారు, అయినా ఎవరి తుపాకీ వాళ్ల చేతిలోనే ఉంది.

ఆ ఓటమిలో తన వాటా ఎంతో అతను తర్వాత దాచుకోకుండా రాశాడు. అంతకుముందు 1940లో సూడాన్ సరిహద్దులోని గల్లాబాత్ దగ్గర ధైర్యమైన దారి వదిలేసి జాగ్రత్త దారి పట్టడం తన తప్పే అని కూడా రాశాడు. ఇంకొకరి మీదకు నెట్టడానికి అవకాశం ఉన్నచోట కూడా నెట్టలేదు.

ఆ దారిలో మన తెలుగువాళ్లు కూడా నడిచారని మా తాతయ్య చెప్పేవారు. నిజమేనా?

నిజమే. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లలో, బియ్యం మిల్లుల్లో, రిక్షాలు లాగినవాళ్లలో చాలామంది మన కోస్తా జిల్లాలవాళ్లే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లారు కాబట్టి అక్కడ తెలుగువాళ్లని ‘కోరంగీలు’ అనేవారు. 1942లో బాంబులు పడగానే లక్షల మంది భారతీయులు కాలినడకన బయల్దేరారు. కొందరు తౌంగుప్ కనుమ మీదుగా బర్మా పడమటి తీరంలోని అరకాన్ వైపు, కొందరు ‘తాము’ అనే ఊరి మీదుగా మణిపూర్ వైపు, ఇంకొందరు హుకాంగ్ లోయ గుండా అస్సాం వైపు. కలరా, మలేరియా, ఆకలితో దారిలోనే వేల మంది పోయారు. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అంటే ఇల్లు వదిలి వెళ్లినవాళ్లకూ, ఇంట్లో ఉన్నవాళ్లకూ యుద్ధం ఒకేసారి తలుపు తట్టింది. మీ తాతయ్య చెప్పిన సంగతులు ఎవరైనా రాసి పెట్టకపోతే, దయచేసి మీరైనా రాసి పెట్టండి.

ఓడి వచ్చిన సైన్యాన్ని రెండేళ్లలో ఎలా మార్చాడు?

దీనికి జవాబు కాస్త పొడుగు, ఎందుకంటే అసలు కథ ఇక్కడే ఉంది.

మొదటిది జ్వరాలు. 1943లో గాయపడి వెనక్కి పంపిన ఒక్కో మనిషికి, జబ్బుపడి పంపినవాళ్లు 120 మంది. తూటా కంటే దోమ 120 రెట్లు పెద్ద శత్రువన్నమాట. మలేరియా వస్తే సిపాయిని ఇండియాలోని దూర ఆస్పత్రికి పంపేవారు, అతను తిరిగి వచ్చేసరికి నెలలు పట్టేది. స్లిమ్ ఆస్పత్రినే ముందుకు తెచ్చాడు. పోరాటం జరిగే చోటికి కొద్ది మైళ్ల వెనక గుడారాల్లోనే వైద్యం చేసి, మూడు వారాల్లో తిరిగి దళంలోకి పంపడం మొదలైంది.

ఇక మెపాక్రిన్ మాత్ర. రోజూ మింగితే మలేరియా ఆగుతుంది, కానీ ఒళ్లు పసుపు రంగుకు మారుతుంది. పైగా ఆ మాత్ర మింగితే మగతనం పోతుందని పుకారు. దాంతో సిపాయిలు నోట్లో వేసుకున్నట్టు వేసుకుని ఉమ్మేసేవారు. స్లిమ్ ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. చెప్పాపెట్టకుండా ఒక బెటాలియన్‌కు వెళ్లి అందర్నీ పరీక్ష చేయించేవాడు. ఒంట్లో మందు ఆనవాళ్లు 95 శాతం మందిలో కనపడకపోతే సిపాయిని ఏమీ అనేవాడు కాదు, ఆ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్నే తీసేసేవాడు. అలా తీసేసింది ముగ్గుర్నే. మిగతావాళ్లకు సంగతి అర్థమైంది. 1945 నాటికి జబ్బుపడేవాళ్లు రోజుకు వెయ్యికి ఒకరికి తగ్గారు.

తప్పు కింద జరిగినా లెక్క పైవాడు చెప్పాలి అన్న ఈ పద్ధతిని నేను చాలాసార్లు ఆలోచించాను. మన ఆఫీసుల్లో ఇది తిరగబడి ఉంటుంది.

రెండోది తిండి. ముందున్న ఏ దళానికైనా రేషన్ సగానికి తగ్గించాల్సి వస్తే, తన హెడ్‌క్వార్టర్స్‌కు కూడా సగమే అని స్లిమ్ నియమం పెట్టాడు. దీనివల్ల ముందున్న సిపాయికి గింజ కూడా పెరగదు. కానీ ఆకలితో ఉన్న గుమస్తాలు, స్టాఫ్ ఆఫీసర్లు ఆ లారీలు ఎప్పుడు కదులుతాయా అని ఫోన్ల మీద కూర్చుంటారు. సరఫరా చూసే స్నెల్లింగ్ అనే జనరల్ దగ్గర డబ్బు లేదు, సరుకు లేదు. సామాను దించడానికి పట్టు పారాచూట్లు దొరకవు. అప్పుడు కలకత్తా జనపనార మిల్లుల్ని పట్టుకున్నారు. గోనె గుడ్డతో పారాచూట్ కుట్టించారు. అసలుది 20 పౌండ్లకు పైమాటే, ఇది పౌండు పైచిలుకు. మనిషి దూకడానికి పనికిరాదు గానీ బియ్యం బస్తాకు, మందుగుండు పెట్టెకు బాగానే సరిపోయింది.

మూడోది భయం పోగొట్టడం. జపాన్ సిపాయి అడవిలో దెయ్యం లాంటివాడు, వాణ్ని ఎవరూ గెలవలేరు అన్న మాట సైన్యమంతా పాకింది. స్లిమ్ పెద్ద దాడులు ఆపి చిన్న గస్తీలతో మొదలుపెట్టాడు. ఒక్కో గస్తీ జపాన్ వాళ్ల మీద చిన్న గెలుపుతో తిరిగొచ్చి ఆ కథ క్యాంపులో చెప్పుకునేది. తర్వాత వందమంది పైచిలుకు ఉండే శత్రువు కంపెనీ మీదకు, వేలమంది ఉండే మొత్తం బ్రిగేడ్‌నే పంపాడు. ఇంత చిన్నదానికి అంత పెద్ద బలమా అని ఎవరైనా అంటే లెక్కచేయలేదు. ఓడటం అలవాటైన మనుషులకు ముందు గెలవడం అలవాటు చేయాలి అన్నది అతని లెక్క.

చుట్టుముడితే వెనక్కి రావద్దు అన్నాడట. అది మొండితనం కాదా?

విమానంలో తిండి పంపే ఏర్పాటు లేకుండా ఆ మాట అంటే మొండితనమే. 1942లో జపాన్ వాళ్ల ఎత్తుగడ ఒక్కటే: అడవిలోంచి చుట్టూ తిరిగొచ్చి వెనక రోడ్డు మూసేయడం. రోడ్డు మూసుకుపోగానే మనవాళ్లు కంగారుపడి వెనక్కి పరిగెత్తేవాళ్లు. స్లిమ్ కొత్త మాట చెప్పాడు: మీరు చుట్టుముట్టబడితే మీ వెనకున్న జపాన్ వాళ్లే చుట్టుముట్టబడ్డట్టు అనుకోండి, మీరు ఉన్నచోటే ఉండండి, కావలసినవన్నీ ఆకాశం నుంచి వస్తాయి.

1944 ఫిబ్రవరిలో అరకాన్‌లోని సింజ్వేయా దగ్గర దీనికి పరీక్ష వచ్చింది. సెవెన్త్ ఇండియన్ డివిజన్ హెడ్‌క్వార్టర్స్ మీదే జపాన్ వాళ్లు పడ్డారు. జనరల్ మెస్సర్వీ వాగు దారి పట్టి తప్పించుకుని సామాను డిపో చేరాడు. వంటవాళ్లు, గుమస్తాలు, కంచరగాడిదల కాపర్లు అందరూ తుపాకులు పట్టుకుని దాదాపు మూడు వారాల పాటు ఆ డిపోను కాపాడారు. చెప్పినట్టే విమానాలు వచ్చాయి. ముందుగా తిండి అయిపోయింది జపాన్ వాళ్లకు.

మరి ముతగుచి ఎవరు? అతని ప్లాన్ ఏమిటి?

ముతగుచి రెన్యా జపాన్ పదిహేనో ఆర్మీ కమాండర్. 1937లో చైనా యుద్ధానికి నిప్పు అంటుకున్న మార్కోపోలో వంతెన దగ్గర ఉన్న రెజిమెంట్ ఇతనిదే. 1944 మార్చి 8న మూడు డివిజన్లతో, సుమారు 85,000 మందితో ఇంఫాల్ మీదకు కదిలాడు. మూడు వారాల తిండి చాలనుకున్నాడు. ఆ లోపు ఇంఫాల్ గోదాములు చేతికొస్తాయి, ఏప్రిల్ 29న చక్రవర్తి పుట్టినరోజుకు గెలుపు వార్త పంపొచ్చు అని లెక్క. నడిచే రేషన్‌గా వేల పశువుల్ని తోలుకెళ్లారు. చాలావరకు చింద్విన్ దాటేటప్పుడు, కొండలెక్కేటప్పుడు చచ్చిపోయాయి.

ఇది కుదరని పని అని కింది అధికారులు ముందే చెప్పారు. చెప్పినవాళ్లను ధైర్యం లేనివాళ్లని పక్కన పెట్టారు. దాంతో ఆ తర్వాత ఎవరూ నోరు మెదపలేదు.

స్లిమ్ ఏ తప్పూ చేయలేదా?

చేశాడు, రెండు పెద్ద తప్పులు. జపాన్ దాడి వస్తుందని తెలుసు. బర్మా కొండల్లోని టిడ్డిమ్‌లో దూరంగా ఉన్న సెవెన్టీన్త్ ఇండియన్ డివిజన్‌ను ఇంఫాల్ మైదానానికి లాక్కుని, అక్కడ పోరాడాలన్నది అతని ఆలోచన. కానీ ఎప్పుడు లాగాలి అన్న నిర్ణయం తను తీసుకోకుండా కింద ఉన్న జనరల్ స్కూన్స్‌కు వదిలేశాడు. ఆర్డర్ మార్చి 13న వెళ్లింది. అప్పటికే జపాన్ వాళ్లు వెనక రోడ్డు మీద కూర్చున్నారు. ఆ డివిజన్‌ను బయటికి తేవడానికి దగ్గరున్న రిజర్వు దళాల్ని పంపితే, మరో వైపు ఉఖ్రుల్ దారి పలచబడిపోయింది.

రెండోది, కోహిమా లాంటి కొండల మీదకు జపాన్ మహా అయితే ఒక రెజిమెంట్‌ను పంపగలదనుకున్నాడు. మొత్తం ముప్పై ఒకటో డివిజన్ వచ్చింది. ఈ రెండూ తన తప్పులేనని స్లిమ్ ఒప్పుకున్నాడు. స్కూన్స్ పేరు అడ్డం పెట్టుకోలేదు.

తప్పు తెలిశాక ఏం చేశాడన్నదే నాకు గొప్పగా అనిపిస్తుంది. మార్చి మధ్యలో ఆగ్నేయాసియాలో మిత్రపక్షాల సుప్రీం కమాండర్ మౌంట్‌బాటెన్‌ను కలిసి విమానాలు కావాలన్నాడు. చైనాకు సరుకు మోసే అమెరికన్ విమానాలను మౌంట్‌బాటెన్ పైవాళ్ల అనుమతి కోసం ఆగకుండా మళ్లించాడు. అరకాన్‌లో పోరాడుతున్న ఫిఫ్త్ ఇండియన్ డివిజన్‌ను, దాని ఫిరంగులు, కంచరగాడిదలతో సహా ఎత్తి ఈ కొండల దగ్గర దించారు. ఒక రంగంలో పోరాడుతున్న డివిజన్‌ను ఇలా విమానాల్లో ఇంకో రంగానికి మార్చడం అప్పటికి ఎవరూ చేయని పని.

కోహిమాలో ఏం జరిగింది?

ఏప్రిల్ 4న మొదలైంది. కర్నల్ హ్యూ రిచర్డ్స్ దగ్గర పోరాడగలిగేవాళ్లు దాదాపు 1,500 మంది, మిగతా వెయ్యిమంది లారీ డ్రైవర్లు, కోలుకుంటున్న రోగులు, కూలీలు. ఎదురుగా పదివేలకు పైగా. డిప్యూటీ కమిషనర్ చార్ల్స్ పాసీ ఊరు వదలకుండా అక్కడే ఉండిపోయాడు. అతని బంగళా టెన్నిస్ కోర్టుకు ఒక వైపు మనవాళ్లు, రెండో వైపు జపాన్ వాళ్లు. మధ్యలో దూరం గ్రెనేడ్ చేత్తో విసిరేంత. నీళ్లు రాత్రిపూట పాకుతూ వెళ్లి తెచ్చుకునేవారు. గాయపడ్డవాళ్లు కందకాల్లో పడుకుని ఉండగానే మళ్లీ గాయపడేవారు.

18న మొదటి సాయం చేరింది. ఆ తర్వాత కొండ కొండకూ పోరాటం జూన్ దాకా సాగింది. ఈ మొత్తం కథలో నాగా ప్రజల పేరు చెప్పకపోతే పాపం. దారి చూపారు, శత్రువు జాడ తెచ్చారు, గాయపడ్డవాళ్లను నిట్టనిలువు వాలుల్లో మోసుకొచ్చారు. యుద్ధం మాత్రం వాళ్లు పిలిస్తే రాలేదు. వాళ్ల ఊళ్లే నేలమట్టమయ్యాయి.

జూన్ 22న ఇంఫాల్, కోహిమా రోడ్డు మీద 109వ మైలురాయి దగ్గర రెండు వైపుల సైన్యాలూ కలుసుకున్నాయి.

జపాన్ జనరల్ సతో ఆర్డర్ ధిక్కరించాడట. ద్రోహి అనాలా, మంచివాడు అనాలా?

కోహిమా మీదకు వచ్చిన డివిజన్ కమాండర్ సతో కోతోకు. స్లిమ్‌కు అతనంటే గౌరవం లేదు. కోహిమాను వదిలి కిందున్న దీమాపూర్ మీద పడి ఉంటే మొత్తం సరఫరా డిపో పోయేది, ఆ చొరవ సతోకు లేదని తేల్చేశాడు. ఇది సగం నిజం. ముతగుచి దీమాపూర్ వెళ్లమన్నా, అతని పైఅధికారి జనరల్ కవాబె వద్దన్నాడు.

నేను సతోను చూసేది వేరేగా. చింద్విన్ దాటినప్పటి నుంచి తన మనుషులకు బియ్యం, మందుగుండు రావడం లేదని అతను మళ్లీ మళ్లీ కబురు పంపాడు. పోరాడండి అన్న జవాబు తప్ప బస్తా రాలేదు. మనుషులు గడ్డి, నత్తలు తింటున్నారు. మే 31న అతను ఆర్డర్ లేకుండానే డివిజన్‌ను వెనక్కి తిప్పాడు. జపాన్ సైన్యంలో ఒక డివిజన్ కమాండర్ అలా చేయడం కనీవినీ ఎరగని సంగతి. తనను కోర్టు మార్షల్ చేయమని అతనే అడిగాడు. విచారణ జరిగితే ఈ నిజాలన్నీ బయటికి వస్తాయి. మతి స్థిమితం లేదని తేల్చి విచారణే లేకుండా చేశారు. మిగతా ఇద్దరు డివిజన్ కమాండర్లు యనగిద, యమౌచి కూడా యుద్ధం నడుస్తుండగానే పదవులు పోగొట్టుకున్నారు.

దీనికంటే నన్ను కలచివేసే సంగతి జూన్ మొదటి వారంలో జరిగింది. కవాబె ముతగుచిని చూడటానికి వచ్చాడు. ఇద్దరికీ యుద్ధం పోయిందని తెలుసు. ముతగుచికి ఆపేద్దాం అని చెప్పాలని ఉంది, కానీ నోటితో అనలేకపోయాడు. తన మొహం చూసి పైవాడే అర్థం చేసుకుంటాడని ఆశపడ్డానని తర్వాత చెప్పాడు. కవాబె కూడా అడగలేదు. ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకుని విడిపోయారు. వెనక్కి రమ్మనే ఆర్డర్ జూలైలో గానీ రాలేదు. ఆ నెల రోజుల్లో కుండపోత వానలో, బురదలో, విరేచనాలతో, ఆకలితో కుర్రాళ్లు దారి పొడవునా రాలిపోయారు. బతికొచ్చిన జపాన్ సిపాయిలు ఆ దారికి ‘తెల్ల ఎముకల బాట’ అని పేరు పెట్టుకున్నారు. జపాన్ వైపు చనిపోయినవాళ్లు దాదాపు 30,000 మంది, వాళ్లలో చాలామంది ఆకలికీ జబ్బుకే పోయారు. ఒక్క మాట, ‘ఆపుదాం’ అన్న మాట, గొంతు దాటి ఉంటే వాళ్లలో ఎంతమంది ఇళ్లకు వెళ్లేవారో.

ఆజాద్ హింద్ ఫౌజ్ కూడా అటువైపే ఉంది కదా?

ఉంది. నేతాజీ నడిపిన ఆ సైన్యంలోని దళాలు జపాన్ వాళ్లతో కలిసి వచ్చాయి. ఏప్రిల్ 14న మొయిరాంగ్‌లో కర్నల్ షౌకత్ మాలిక్ జెండా ఎగరేశాడు. నేతాజీతో జర్మనీ నుంచి జలాంతర్గామిలో వచ్చిన మన హైదరాబాదీ ఆబిద్ హసన్ కూడా ఆ రంగానికి వెళ్లినవాడే. జపాన్ సిపాయికే తిండి లేనప్పుడు వీళ్లకు ఇంకా తక్కువ అందింది. ఎదురువైపున్న భారతీయ సిపాయిలు వీళ్లు లొంగిపోవడానికి వస్తే కొన్నిసార్లు ఒప్పుకోకుండా కాల్చేవారు, కాస్త దయగా తీసుకోమని స్లిమ్ ఆర్డర్లు వేయాల్సి వచ్చింది. ఒకే ఊరి కుర్రాళ్లు రెండు వైపులా ఉన్న యుద్ధం అది. ఈ బాధను నేను తూకం వేయలేను.

హైదరాబాద్ రెజిమెంట్ అంటే మనవాళ్లేనా?

పేరు నిజాం కాలం నాటి దళాల నుంచి వచ్చింది. 1940ల నాటికి అందులో ఎక్కువమంది కుమావోనీలు, అహిర్లు, జాట్లు. అందుకే 1945లో దాని పేరు కుమావోన్ రెజిమెంట్‌గా మార్చారు. తర్వాత మన సైన్యాధిపతి అయిన తిమ్మయ్య 1945 జనవరిలో అరకాన్ తీరంలోని కంగా దగ్గర ఈ రెజిమెంట్ బెటాలియన్‌నే నడిపాడు. తెలుగువాళ్ల కోసం వెతికితే మద్రాస్ రెజిమెంట్‌లో, వంతెనలు కట్టే మద్రాస్ సాపర్స్‌లో చూడండి.

1945లో ఏమైంది?

జపాన్ కొత్త కమాండర్ కిమురా ఇరావది నది వెనక్కి తగ్గాడు. స్లిమ్ మాండలే వైపు వస్తున్నట్టు చూపించి, ఒక కోర్‌ను దొంగచాటుగా దక్షిణానికి తిప్పాడు. ఆ కోర్ హెడ్‌క్వార్టర్స్ ఇంకా పాత చోటే ఉన్నట్టు నమ్మించడానికి ఉత్తుత్తి వైర్‌లెస్ సందేశాలు పంపుతూ ఉన్నారు. మార్చి మొదట్లో జపాన్ వాళ్ల సరఫరా కేంద్రం మెయిక్‌తిలా పడింది, 20న మాండలే, మే 3న రంగూన్.

అంత గెలిచినా మాంట్‌గొమెరీకి ఉన్న పేరు ఇతనికి ఎందుకు లేదు?

దూరం ఒక కారణం. విలేకరులంతా బ్రిటిష్ జనరల్ మాంట్‌గొమెరీ పోరాడిన యూరప్‌లో ఉన్నారు. ఇంకో కారణం, ఇతను పేరు కోసం పాకులాడలేదు. రంగూన్ వచ్చిన కొద్ది రోజులకే పైఅధికారి లీస్ ఇతన్ని ఫోర్టీన్త్ ఆర్మీ నుంచి తప్పించబోయాడు. వార్త తెలిసి సైన్యం భగ్గుమంది. చివరికి లీస్ పదవే పోయింది.

అక్కడికి వెళ్తే చూడటానికి ఏముంది?

నాగాలాండ్, మణిపూర్ రెండింటికీ మనం ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాలి. ఇంఫాల్ దగ్గర రెడ్ హిల్ కింద 2019లో తెరిచిన పీస్ మ్యూజియం, మొయిరాంగ్‌లో ఆజాద్ హింద్ ఫౌజ్ మ్యూజియం ఉన్నాయి. ఒక్కచోటికే టైమ్ ఉంటే కోహిమా శ్మశానానికి వెళ్లండి. కొండవాలు మీద మెట్లు మెట్లుగా 1,420 సమాధులు. పైకెక్కితే పాసీ గారి టెన్నిస్ కోర్టు గీతలు తెల్ల సిమెంటుతో గీసి కనిపిస్తాయి. బంగళా లేదు, వల లేదు, గీతలే ఉన్నాయి. ఒక చివర నిలబడి రెండో చివరకు చూస్తే ఆ దూరం ఎంత తక్కువో తెలుస్తుంది. అక్కడితో ఆగిపోకుండా ఇంకా పైకి నడవండి. అన్నిటికంటే పైన, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సిపాయిల పేర్లు చెక్కిన స్మారకం ఉంది. సమాధులు లేవు కాబట్టి చాలామంది టూరిస్టులు అంతదాకా ఎక్కరు. కాస్త ఓపిక చేసుకుని ఆ పేర్లు చదవండి.